నాలుగో మాట

హజరత్తయ్య పాఠంలో ఉన్నవి ఐదే మాటలు. మడమలు నేలకి, మోచెయ్యి కిందికి, బుగ్గ కట్టెకి, ఊపిరి బిగబట్టు, వేలు మెల్లగా. ఇరవై రెండేళ్ళుగా ఆ జిల్లాలో తుపాకీ పట్టిన పోలీసులందరూ బోర్లా పడుకుని ఈ ఐదు మాటలూ విన్నవాళ్ళే. హిందీలో ఉన్న డ్రిల్లు పాఠాన్ని తెలుగులోకి దించింది తానేనని ఆయనకు కాస్త గర్వం కూడా ఉంది. ఇప్పటి రైఫిళ్ళకు వెనక భాగం ప్లాస్టిక్కుది, కట్టె కనిపించి చాలా కాలమైంది. అయినా ఆయన 'బుగ్గ కట్టెకి' అనే అంటాడు, ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ మంగళవారం తీరం పోలీసు స్టేషను నుంచి పద్నాలుగు మంది వచ్చారు. సరుగుడు తోట చివరి ఫైరింగ్ రేంజిలో, ఇసుకదిబ్బకు ఆనించి టార్గెట్ బోర్డులు నిలబెట్టారు. యాభై గజాల ఇవతల టార్పాలిన్ పట్టాలు పరిచారు. ఎర్రజెండా ఎగరేశాక హజరత్తయ్య ఈల ఊది ఐదు మాటలూ చెప్పాడు. మనిషికి ఐదు రౌండ్లు. శనివారం జరిగే పరీక్షలో మూడు నల్ల వలయంలో పడితే పాస్, లేకపోతే లేదు.

ఆరో పట్టా మీద రోజారమణి పడుకుంది. ఆ స్టేషను బోటు మీద డ్యూటీ చేసే ఒకే ఒక్క ఆడ కానిస్టేబులు. పులికాట్ సరస్సు గట్టున ఉండే పల్లె పిల్ల, చేపలు పట్టే ఇంటిది. సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు రోజుకో చోటికి జరిగితే, ఏ పక్కనుంచి పోతే బోటు ఇసుకకు తట్టదో చూడగానే చెబుతుందని స్టేషనులో అందరూ ఒప్పుకుంటారు. కానీ కాల్చడంలో రెండేళ్ళుగా ఫెయిలే. ఇది మూడో ఏడు.

ఠాం, ఠాం, ఠాం, ఠాం, ఠాం. మిగతావాళ్ళు రెండో రౌండు దగ్గరుండగానే ఆమె ఐదూ అయిపోయాయి. గడియారం పెట్టి కొట్టినంత సమానంగా పేలాయి. ఖాళీ తూటాలు కుడిపక్కన ఒకే చోట గుప్పెడంత కుప్పగా పడ్డాయి. ఆ తర్వాత ఆమె తల ఎత్తి నోటితో 'ఊష్' అని పెద్ద చప్పుడు చేసింది.

ఆ చప్పుడు హజరత్తయ్యకు కొత్త కాదు. పోయిన ఏడూ విన్నాడు, అంతకు ముందు ఏడూ విన్నాడు. తుపాకీ మోతకు దడిచిన మనిషి గండం గడిచిందని వదిలే నిట్టూర్పు అనుకుని, రిజిస్టరులో రెండుసార్లూ ఒకటే మాట రాశాడు. భయం.

టార్గెట్ కాగితాలు తెచ్చారు. రోజారమణి కాగితంలో అట్టడుగు చిల్లు నల్ల వలయానికి జానెడు కింద ఉంది. దాని మీద బొటనవేలు మందాన ఇంకోటి. ఆపైన ఇంకోటి. ఐదోది మాత్రం వలయంలో అడుగు పెట్టింది. చిల్లులన్నీ నిచ్చెన మెట్లలా ఒకదాని మీద ఒకటి నిటారుగా ఉన్నాయి, పక్కకు వెంట్రుకంతైనా జరగలేదు.

ఎస్సై నరేంద్రబాబు కాగితం చూసి పెదవి విరిచాడు. వయసులో చిన్నవాడు, మాటలో మర్యాద ఉన్నవాడే. "హజరత్తయ్య గారూ, ఈ అమ్మాయి భయం పోలేదే. ఈసారి గూడా తప్పితే బోటు మీంచి దించేసి స్టేషన్లో కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టాల. తుపాకీ మోసుకుని సముద్రంలోకి పోయే మనిషికి కాల్చడం రావాలి గదా."

అందులో అన్యాయం ఏమీ లేదు. అందుకే ఆ మాట రోజారమణికి ఎక్కువ బాధ కలిగించినట్టుంది. "భయం కాదు సార్," అంది అటెన్షన్లో నిలబడి. ఎస్సై అప్పటికే జీపు వైపు నడుస్తున్నాడు.

హజరత్తయ్య ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది. ఏదైనా ఎందుకు అట్లా ఉందో తెలియకపోతే అన్నం సయించదు. కోవూరులో పొలం ఉన్నప్పుడు పక్క మడిలో నీళ్ళు ఎర్రగా, తమ మడిలో తెల్లగా ఎందుకున్నాయో తేల్చుకోవడానికి ఒక పూటంతా కాలవ వెంబడి నడిచిన మనిషి. భయపడే చెయ్యి అటూ ఇటూ పోతుంది. ఇంత తిన్నగా మెట్లు కట్టదు. రెండేళ్ళ కిందటే ఈ కాగితాన్ని ఇంత దగ్గరగా ఎందుకు చూడలేదా అని ఆయనకు సిగ్గు వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆమెను వేరుగా పట్టా మీద పడుకోబెట్టాడు. రైఫిలు ఖాళీ. గొట్టం చివర రూపాయి బిళ్ళ నిలబెట్టి, "ట్రిగ్గర్ నొక్కు," అన్నాడు. టిక్కుమంది. బిళ్ళ కదల్లేదు. పది సార్లు నొక్కించాడు, పది సార్లూ నిలబడింది. చుట్టూ మూగిన వాళ్ళలో శివ అనే కానిస్టేబులు ఉన్నాడు. ఏటా పాసయ్యేవాడే. వాడు నవ్వితే వాణ్ణీ పడుకోమన్నాడు. మూడోసారికే బిళ్ళ ఇసుకలో పడింది. శివ దాన్ని వెతికే పని మీద చాలాసేపు తల ఎత్తలేదు.

తర్వాత హజరత్తయ్య ఇంకో పరీక్ష పెట్టాడు. తూటా ఉందో లేదో ఆమెకు చెప్పకుండా రైఫిలు చేతికిచ్చాడు. భయమున్న మనిషి మోత వస్తుందని ముందే భుజం ముడుచుకుంటుంది, తూటా లేకపోతే ఆ ముడుచుకోవడం బయటపడుతుంది. రోజారమణి రైఫిలు ఖాళీగా టిక్కుమన్నప్పుడు రాతిలో పాతిన మేకులా ఉంది.

"భయం లేదు," అన్నాడు హజరత్తయ్య, సగం తనతోనే.

"నిన్ననే చెప్పినా గదా సార్."

ఆయన ఆమె పక్కనే ఇసుకలో పడుకున్నాడు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, మోకాళ్ళు కలుక్కుమన్నాయి. మడమలు చూశాడు, నేలకి ఉన్నాయి. ఎడమ మోచెయ్యి సరిగ్గా గొట్టం కింద ఉంది. బుగ్గ ఆనిన చోట ప్లాస్టిక్కు మీద చెమట ముద్ర పడింది, ప్రతిసారీ అక్కడే పడుతోంది.

"ఎక్కడ చూస్తుండావు?"

"గొట్టం చివర ముల్లు మీద సార్. అవతల నల్లది మసగ్గా కనపడతాది."

"అదే సరి. వేలు?"

"మెల్లగానే."

కాగితం తీసి మళ్ళీ చూశాడు. పక్కకు పోలేదంటే చెయ్యి తప్పు కాదు, వేలు తప్పు కాదు. కిందికీ పైకీ పోయిందంటే అది ఊపిరి తప్పే. తుపాకీ పాఠం చెప్పే ఎవరికైనా తెలిసిన సంగతే అది. "ఊపిరి బిగబట్టినావా?" అన్నాడు.

"బిగబట్టినా సార్."

"నిజంగా?"

"మీరు చెప్పినట్టే సార్, గట్టిగా."

ఆ ఒక్క జవాబుతో ఊపిరి సంగతి కూడా లెక్కలోంచి పోయింది. హజరత్తయ్యకు ఇంకేం మిగల్లేదు. లేచి కూర్చుని చేతులకు అంటుకున్న ఇసుకను దులుపుకున్నాడు. "నీ గురి ఎక్కడ తప్పుతుందో నాకు అంతు చిక్కడం లేదమ్మా," అన్నాడు.

రోజారమణి రైఫిలు పక్కన పెట్టి లేచింది. "నా గురి సరే సార్. ముందు మీకు నా మీద గురి కుదరాల గదా," అంది. అన్నాక ఎక్కువ మాట్లాడానేమోనని చూపు దించుకుంది. "నీళ్ళ మీద ఉద్యోగమనే సార్ నేను కానిస్టేబులు పరీక్ష రాసింది. కంప్యూటర్ దగ్గర కూర్చోడానికైతే నాయుడుపేటలో ఏ జెరాక్స్ షాపులోనో చేరేదాన్ని."

హజరత్తయ్యకు కోపం రాలేదు. ఆ మాట న్యాయమైనది, అందుకని లోపల గుచ్చుకుంది.

గురువారం గాలి ఎక్కువై బోర్డులు నిలబడలేదు. రెండుసార్లు లేపి కట్టించి, మూడోసారి పడేసరికి ఆయన జెండా దింపించేశాడు. వాళ్ళందరూ వెళ్ళిపోతుంటే రోజారమణిని ఆపి, "మీ ఊరు ఎంత దూరం?" అని అడిగాడు.

"ఏడు కిలోమీటర్లు సార్. ఎందుకు?"

"ఎందుకో తెలిస్తే రానక్కర్లేదు గదమ్మా," అన్నాడు. ఏం చూడాలో ఆయనకే తెలియదు. రేంజిలో చూడవలసిందంతా చూసేశాడు, ఇంక మనిషిని చూడాలి అనిపించింది.

ఆమె స్కూటీ ముందు, ఆయన మోటారు సైకిలు వెనక. గట్టు మీద బండ్లు ఆపేసరికి సరస్సులో పదిమంది ఆడవాళ్ళు రొమ్ముల లోతు నీళ్ళలో ఉన్నారు. ఒక్కొక్కరి పళ్ళ మధ్య ఒక తాడు, తాడుకు తాటాకు బుట్ట. చేతులతో అడుగు బురద తడుముతూ రొయ్యలు ఏరుతున్నారు. లోతు ఎక్కువున్న చోట మనిషి మొత్తం మునిగిపోయి, బుట్ట ఒక్కటే నీళ్ళ మీద తేలుతోంది. హజరత్తయ్య మోకాలి లోతు నీళ్ళలో పుట్టి పెరిగిన మనిషి. వరి నాట్లకు అంతకన్నా లోతు అక్కర్లేదు. ఆ బుట్ట కింద మనిషి ఉందా పోయిందా అని ఆయన గట్టు మీద నిలబడి ఆరాటపడ్డాడు.

మనసులో ముప్పై దాకా లెక్కపెట్టాడు. అప్పుడు బుట్ట పక్కన నెరిసిన తల ఒకటి పైకి లేచి, 'ఊష్' అంది.

హజరత్తయ్య వెనక్కి తిరిగి రోజారమణి వైపు చూశాడు.

"మా అమ్మ సార్, పేరమ్మ," అంది ఆమె, పరిచయం చేస్తున్నట్టుగా.

పేరమ్మ బుట్ట పట్టుకుని గట్టుకు వచ్చింది. యూనిఫారం చూసి కూతురి మీదికేమైనా వచ్చిందేమోనని మొహం చిన్నబోయింది. "ఏంది సారూ, రొయ్యలు గావాల్నా?"

"రొయ్యలు గాదమ్మా. మునిగేటప్పుడు ఊపిరి ఏం చేస్తావు?"

పేరమ్మ కూతురి మొహం చూసింది, ఈయనకు అంతా బాగుందా అన్నట్టు. "ఏం చేస్తాం సారూ. బిగబడతాం."

"ఎట్ట? ఒకసారి చూపించు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, కడుపు నుంచి మెడ దాకా గాలి లాక్కుంది. బుగ్గలు పొంగాయి, భుజాలు రెండూ చెవుల దగ్గరికి లేచాయి. గొంతు దగ్గర మూత వేసినట్టు ఆపి, అట్లాగే నిలబడిపోయింది. హజరత్తయ్యకు ముందు నవ్వొచ్చింది, తర్వాత పోయింది. పేరమ్మ వదిలి అంది. "నిండా పట్టుకోవాల సారూ. ఒక్క మునకకి నాలుగో ఐదో దొరికినాక లేస్తాం. మధ్యలో గాలి వదిలితే పని జరగదు. చిన్నప్పుడు దీనికి గూడా నేనే నేర్పినా, బిగబట్టవే, బిగబట్టవే అని."

"ఒక్క మునకకి ఐదు," అన్నాడు హజరత్తయ్య. జేబులోంచి కాగితం తీసి విప్పాడు. కింది చిల్లు మీద వేలు పెట్టి మెల్లగా పైదాకా ఎక్కించాడు. ఛాతీ నిండుగా ఉంటే భుజం లేచి తుపాకీ మూతి కిందికి వాలుతుంది. గాలి కొద్దికొద్దిగా జారేకొద్దీ మూతి కొద్దికొద్దిగా పైకి వస్తుంది. ఐదు మెట్లు. "అమ్మాయ్, ఐదు రౌండ్లూ ఒకే ఊపిరి మీద కాలుస్తుండావా?"

రోజారమణికి ఆ ప్రశ్నలో వింతేమిటో అర్థం కాలేదు. "మీరు బిగబట్టమన్నారు గదా సార్. మళ్ళీ వదలమని ఎప్పుడన్నా చెప్పినారా?"

చెప్పలేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆయన తాను ఏం చేస్తాడో చూసుకోవడానికి అక్కడే గట్టు మీద బోర్లా పడుకుని, చేతిలో లేని రైఫిలు భుజానికి ఆనించి, లేని ట్రిగ్గరు నొక్కాడు. నీళ్ళలో ఆడవాళ్ళు పని ఆపి చూశారు, ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మళ్ళీ మళ్ళీ నొక్కాడు. నొక్కే ముందు ప్రతిసారీ గాలి తనంతట తానే బయటికి పోతోంది. పోయాక, మళ్ళీ వచ్చే ముందు, చిన్న ఖాళీ. వేలు కదిలేది ఆ ఖాళీలోనే. తన ఒంటికి తెలిసిన ఆ పనికి 'బిగబట్టు' అని పేరు పెట్టింది తన నోరే. నేల మీద పుట్టినవాళ్ళు ఆ మాట విని ఏదో కాస్త ఆపి కాల్చేసి పాసయ్యారు. నీళ్ళలో పుట్టిన వాళ్ళు మాత్రం ఆ మాటకు ఉన్న అర్థం మొత్తం పాటించారు. చెప్పింది చెప్పినట్టు చేసిన పిల్ల ఫెయిలైంది.

"సార్, లేవండి, ఉప్పు నేల, చొక్కా పాడైపోతాది," అంది రోజారమణి.

శుక్రవారమంతా తూటాలు లేకుండానే సాధన. తెలిసినంత మాత్రాన ఒళ్ళు వింటుందా. రైఫిలు భుజానికి ఆనగానే రోజారమణి ఛాతీ దానంతట అదే నిండిపోయేది. హజరత్తయ్య ఆమె వీపు మీద తన టోపీ పెట్టి, "ఇది లేస్తే తప్పు," అన్నాడు. టోపీ పొద్దుటినుంచీ లేస్తూనే ఉంది. సగం వదులు అన్నాడు, కాస్త ఆపు అన్నాడు, ఏ మాటా కుదరలేదు. ఆపు అంటే ఆమె మళ్ళీ గొంతు మూసేస్తోంది.

మధ్యాహ్నం సరుగుడు నీడలో మజ్జిగ తాగుతూ ఆమె తనే అడిగింది. "సార్, అలకీ అలకీ మధ్య నీళ్ళు ఊరకుంటాయే, బోటు కదలకుండా, అట్టనా?"

"ఊరకుంటాయా?"

"ఊరకుంటాయి సార్. ఒక అల పోయినాక, ఇంకోటి లేచే ముందర. మొగ దాటేది అప్పుడే. ఆపితే ఆగేది గాదు, దానంతటదే ఊరకుంటాది."

హజరత్తయ్య మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. "అదేనమ్మా. వదిలి, ఊరకుండు," అన్నాడు. పట్టా మీద పడుకున్నాక టోపీ ఒకసారి మెల్లగా దిగి, అట్లాగే ఉండిపోయింది. టిక్కుమంది.

శనివారం ఈల ఊది పద్నాలుగు మందికీ పాఠం చెప్పాడు. "మడమలు నేలకి. మోచెయ్యి కిందికి. బుగ్గ కట్టెకి. ఊపిరి వదిలి, ఊరకుండు. వేలు మెల్లగా."

శివ తల ఎత్తాడు. "సార్, నాలుగోది మారిందే."

"నేను తప్పు చెప్పినానబ్బాయ్. ఇన్నేళ్ళూ తప్పే చెప్పినా. ప్రతి రౌండుకీ కొత్త ఊపిరి. వదలండి, ఊరకుండండి, నొక్కండి." ఆ మాట అందరి ముందూ అనడానికి పొద్దున ఇంటి దగ్గర రెండుసార్లు సాధన చేసుకుని వచ్చాడు. మూడు నెలల్లో రిటైరయ్యే మనిషికి అది సులువేమీ కాదు.

ఈసారి ఆరో పట్టా మీద మొదటి మోత అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. రెండోదానికి ఇంకా ఆలస్యం. మిగతావాళ్ళు కాల్చి లేచారు, ఖాళీ తూటాలు ఏరి లెక్క అప్పజెప్పారు. ఆమె ఇంకా నాలుగోదాని మీదే ఉంది. "ఏంది హజరత్తయ్య గారూ, నిద్రపోయిందా?" అన్నాడు నరేంద్రబాబు. హజరత్తయ్య ఆమె వీపునే చూస్తున్నాడు. ఐదోది పేలాక ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. ఏ చప్పుడూ చెయ్యలేదు.

కాగితంలో నాలుగు నల్ల వలయంలో ఉన్నాయి, ఒక దాని పక్కన ఒకటి, అరచేతితో మూయగలిగినంత చోటులో. ఐదోది అంచు తాకి బయట పడింది.

ఎస్సై కాగితాన్ని వెలుగుకు ఎత్తి చూసి సంతోషంగానే సంతకం పెట్టాడు. "బోటు నీదే పో. మొత్తానికి భయం పోయింది."

"భయం ఎప్పుడూ లేదు సార్," అన్నాడు హజరత్తయ్య. ఈసారి ఆ మాట రోజారమణి అనవలసిన అవసరం రాలేదు. ఆమె కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చిల్లుల్లోంచి ఆకాశం చూస్తోంది. అవి నిజంగా తన చిల్లులేనా అని ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు.

ఫలితాలు రాయడానికి ఆయన టేబులు ముందు కూర్చుని రిజిస్టరు తెరిచాడు. రోజారమణి పేరు ఎదురుగా 'పాస్' అని రాసి, పోయిన ఏడు పేజీ తిప్పాడు. అంతకు ముందుదీ తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. భయం. భయం. తన గుండ్రటి అక్షరాల్లోనే ఆ మాట పదకొండు చోట్ల ఉంది. పక్కన ఊళ్ళ పేర్లు చదివాడు. అన్నీ సరస్సు గట్టువే, సముద్రం ఒడ్డువే. కోవూరు వైపు వాడు ఒక్కడూ లేడు.

సంతకం పెట్టడానికి వచ్చిన రోజారమణి పేజీ వైపు వంగి చూసింది. "ఓబయ్య మావ గూడా ఉండాడా," అంది. తమ ఊరివాడే. మూడేళ్ళ కిందట బోటు మీది నుంచి దించి గూడూరులో ఏదో ఆఫీసు గేటు దగ్గర పెట్టారు. "ఆయన నాకన్నా రెండింతల సేపు బిగబడతాడు సార్."

ఆమె మామూలుగానే అంది. హజరత్తయ్య వేలు మాత్రం ఓబయ్య పేరు దగ్గరే ఆగిపోయింది. అందరికన్నా బాగా పాటించినవాణ్ణే తన రాత బోటు మీంచి దించేసింది.

"పాత పేజీలు దిద్దకూడదు హజరత్తయ్య గారూ," అన్నాడు నరేంద్రబాబు, పెన్ను మూత తీయడం చూసి.

"దిద్దను సార్. అడుగున రాస్తాను." అని పేజీ అడుగున రాశాడు. 'ఈ రిజిస్టరులో భయం అని రాసినవాళ్ళు తప్పింది భయం వల్ల కాదు. తప్పు పాఠం చెప్పినవాడిది.' కింద తేదీ వేసి, పేరు పూర్తిగా రాసి, నంబరు వేశాడు. ఎస్సై చదివాడు. తర్వాత ఫోనులో వెతికి, గూడూరులో ఉన్న ఓబయ్య నంబరు ఆయనే ఇచ్చాడు.

హజరత్తయ్య సరుగుడు చెట్ల వైపు నడిచి ఫోను చేశాడు. అవతల లారీల రొద వినపడింది.

"ఓబయ్యా, నేను, రేంజి హజరత్తయ్యని."

"నమస్తే సార్. ఏంది సార్, నేనిప్పుడు బోటులో లేను గదా, గేటు కాడ ఉండా."

"తెలుసు. ఒక సంగతి అడగాల. కాల్చేటప్పుడు నువ్వు ఊపిరి ఏం చేసేవాడివి?"

మూడేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. ఓబయ్య గొంతులో మళ్ళీ ఎక్కడ తప్పు పడతారోనన్న జంకుతో జవాబు వచ్చింది. "మీరు చెప్పినట్టే సార్. ఆఖరు దాకా బిగబట్టేవాణ్ణి. ఒక్కసారి గూడా వదల్లేదు సార్, ఒట్టు."

హజరత్తయ్య ఆ మాట నిలబడి విన్నాడు.

"నాకు తెలుసు ఓబయ్యా. సోమవారం రేంజికి రా. ఆ నాలుగో మాట నేను నీకు మళ్ళీ చెప్పాల."